ఇంటిలో వినడానికి తీగ లేని హెడ్‌ఫోన్లు: ఎంచుకునే విధానం

కంటికి రెప్ప ఉన్నది, చెవికి లేదు. చూడదలచనిది ఎదురైతే కన్ను మూసుకోవచ్చు. వినదలచనిది వచ్చినప్పుడు చెవి మూసుకోవడానికి ప్రకృతి ఏ ఏర్పాటూ చేయలేదు. రెండు మూడు గదుల ఇంట్లో అయిదారుగురు కలిసి ఉండే మన కుటుంబాలలో ఈ లోటు ప్రతి సాయంకాలమూ తెలిసివస్తూనే ఉంటుంది. తాతగారికి వార్తలు కావాలి, ఒకరికి గజల్ కావాలి, మరొకరికి మరునాటి పరీక్ష పాఠం కావాలి, పసివానికి నిద్ర కావాలి. పూర్వం ఇంటికంతటికీ ఒక్కటే రేడియో ఉండేది. 1952లో రేడియో సిలోన్‌లో ఆరంభమైన బినాకా గీత్‌మాలా వినడానికి ఇల్లంతా, ఒక్కొక్కప్పుడు వాడంతా, ఆ ఒక్క పెట్టె చుట్టూ చేరేది. ఇప్పుడు మనిషికొక ఫోను, ఇంటికొక టెలివిజను ఉన్నవి. వినదగినవి పెరిగినవి గాని ఇంట్లో గదులు పెరగలేదు. అందుచేతనే హెడ్‌ఫోను ఒకరి వినికిడికీ మరొకరి విశ్రాంతికీ మధ్య రాజీ కుదిర్చే సాధనంగా మన ఇండ్లలో స్థిరపడింది.

విద్యార్థినీ విద్యార్థులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: "ఏ కంపెనీది కొనమంటారు సార్?" ఈ ప్రశ్నకు ముందు మరి నాలుగు ప్రశ్నలు వేసుకోవాలని మా మనవి. ఏ గదిలో వింటారు? ఏ పరికరం నుండి వింటారు? రోజుకు ఎంతసేపు? పక్కన ఎవరుంటారు? వీటికి సమాధానం దొరికితే అంగడిలోని వంద రకాలు నాలుగైదుకు తగ్గుతాయి. కంపెనీ పేరు చిట్టచివర చూడవలసినది. వెయ్యి రూపాయలకు అటూ ఇటూ మొదలుకొని ముప్పై వేలు దాటే వరకు ధరలు ఉన్న ఈ వస్తువును పెట్టె మీది అంకెలను చూసి కొనేవారే ఎక్కువ. ఆ అంకెలలో కొన్ని మనకు పనికివచ్చేవి, చాలా వరకు పనికిరానివి.

చెవికి తగిలించుకునే యంత్రం కొత్తదేమీ కాదు. అమెరికాలోని యూటా రాష్ట్రానికి చెందిన నాథనియల్ బాల్డ్విన్ 1910 ప్రాంతంలో తన వంటింట్లో కూర్చి చేసిన హెడ్‌ఫోన్లను ఆ దేశపు నౌకాదళం కొనుగోలు చేసింది. 1958లో జాన్ కాస్ సంగీతం వినడానికే ఉద్దేశించిన స్టీరియో హెడ్‌ఫోన్లను ప్రవేశపెట్టాడు. 1979లో సోనీ వారి వాక్‌మన్ వచ్చి యువజనుల మెడలో హెడ్‌ఫోనును ఆభరణం చేసింది. తీగను తొలగించే ప్రయత్నాలు కూడ ఆ దశకంలోనే పరారుణ కిరణాలతో జరిగినవి. కాని ఆ కిరణానికి అడ్డు ఉండరాదు; వినేవాడు లేచి పక్క గదిలోకి పోతే పాట ఆగిపోయేది. రేడియో తరంగాలకు గోడ అంత అడ్డు కాదు. 1994లో స్వీడన్‌లోని ఎరిక్‌సన్ సంస్థలో మొదలైన పరిశోధన నుండి బ్లూటూత్ పుట్టింది. పదవ శతాబ్దంలో డెన్మార్క్‌ను ఏలిన హరాల్డ్ అనే రాజుకు ఉన్న మారుపేరే ఈ 'నీలి పన్ను'. విడివిడి ప్రాంతాలను ఆ రాజు ఏకం చేసినట్లు విడివిడి యంత్రాలను ఈ విధానం కలుపుతుందని ఆ పేరు పెట్టారట. మన దేశంలో బ్లూటూత్ పనిచేసే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల పట్టీని 2005లో తక్కువ శక్తి గల పరికరాలకు లైసెన్సు లేకుండా విడిచిపెట్టారు. ఇంట్లోని రేడియో సెట్టుకే పోస్టాఫీసులో లైసెన్సు రుసుం చెల్లించిన పెద్దలు మన మధ్య ఇంకా ఉన్నారు గనుక ఈ మాట వారికి వింతగా తోచవచ్చు.

ఇక పని తీరును చూద్దాం. తీగ ద్వారా వచ్చే పాట విద్యుత్ ప్రకంపనగా నేరుగా చెవి దగ్గరి చిన్న స్పీకరును కదిలిస్తుంది. తీగ లేనప్పుడు ఆ పాట అంకెల రూపంలో గాలిలో ప్రయాణం చేయవలసి ఉంటుంది. కాంపాక్ట్ డిస్కు మీద శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లలో రాస్తారు. రెండు చెవులకు కలిపి సెకనుకు సుమారు 1,411 కిలోబిట్లు అవుతుంది. బ్లూటూత్ దారి అంత వెడల్పైనది కాదు. కావున ఫోను ఆ అంకెలను కుదించి మూటగట్టి పంపుతుంది. హెడ్‌ఫోను ఆ మూట విప్పి, మరల విద్యుత్తుగా మార్చి, తన లోపలి ఆంప్లిఫైయరుతో పెంచి వినిపిస్తుంది. ఈ మూటగట్టే పద్ధతికే కోడెక్ అని పేరు. సాధారణ బ్లూటూత్ హెడ్‌ఫోన్లన్నిటిలో తప్పనిసరిగా ఉండే ఎస్.బి.సి. పద్ధతిలో సెకనుకు 328 కిలోబిట్ల దాకా పోతాయి. ఆపిల్ ఫోన్లు వాడే ఎ.ఎ.సి.లో సుమారు 256. సోనీ వారి ఎల్‌డాక్‌లో 990 వరకు. మూటగట్టేటప్పుడు వదలివేసేవి సామాన్యంగా చెవి గుర్తించనివే: పెద్ద శబ్దం నీడలో పడిపోయే చిన్న శబ్దాలు, అత్యంత సూక్ష్మమైన భేదాలు. పైన పంకా తిరుగుతున్న గదిలో, వీధి చప్పుళ్ళ నడుమ వినేవారు కోడెక్ పేరు కోసమే అదనంగా వేల రూపాయలు చెల్లించనవసరం లేదని మా అభిప్రాయం. పైగా పంపే పరికరానికీ అందుకునే పరికరానికీ రెండింటికీ ఆ పద్ధతి తెలిసి ఉండాలి. ఆపిల్ ఫోను ఉన్నవారు ఎల్‌డాక్ గుర్తు చూసి కొంటే ఆ గుర్తు పెట్టె మీదనే ఉండిపోతుంది. ఆ ఫోన్లలో ఎల్‌డాక్ లేదు.

ఆంప్లిఫైయరు కూడ హెడ్‌ఫోనులోనే ఉన్నది గనుక తీగ గల హెడ్‌ఫోన్లలో ముఖ్యమైన ఓమ్‌ల సంఖ్య ఇక్కడ మనకు అక్కరలేదు. 20 నుండి 20,000 హెర్ట్జ్ అనే అంకె దాదాపు ప్రతి పెట్టె మీదా ఉంటుంది. అది మంచి యువకుని చెవి హద్దు. హెడ్‌ఫోను ఆ హద్దుల మధ్య ఏ స్థాయిని ఎక్కువ చేసి ఏ స్థాయిని తక్కువ చేస్తుందో ఆ అంకె చెప్పదు. అది చెవితో వినియే తెలుసుకోవాలి.

ఇంటి వాడుకలో అసలు చిక్కు ఆలస్యం దగ్గర వస్తుంది. మూట కట్టడానికీ, పంపడానికీ, దారిలో చెడిన భాగాన్ని తిరిగి తెప్పించుకోవడానికీ, విప్పడానికీ వ్యవధి పడుతుంది. మధ్యలో అంతరాయం వచ్చినా పాట తెగకుండా ఉండేందుకు హెడ్‌ఫోను కొంత శబ్దాన్ని ముందుగా నిలువ చేసుకుంటుంది. ఇవన్నీ కలిసి సాధారణ బ్లూటూత్ హెడ్‌ఫోనులో 150 నుండి 250 మిల్లీసెకన్ల ఆలస్యం కలుగుతుంది. అనగా సెకనులో ఆరవ వంతు నుండి నాలుగవ వంతు వరకు. పాట వినేవానికి దీనితో నష్టం లేదు. పాట యావత్తూ పావు సెకను ఆలస్యంగా మొదలైతే ఎవరికి తెలుస్తుంది? టెలివిజను చూసేవారికి మాత్రం పెదవి ముందు కదిలి మాట వెనుక వస్తుంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం వారి సిఫారసు పత్రం ప్రకారం శబ్దం బొమ్మకంటె 125 మిల్లీసెకన్లు వెనుకబడితే ప్రేక్షకుడు పసిగడతాడు. 185 దాటితే ఆమోదించడు. శబ్దమే బొమ్మకంటె ముందు వస్తే 45 మిల్లీసెకన్లకే పట్టేస్తాడు. ఈ భేదానికి కారణం సహజమైనదే. మెరుపు తరువాత ఉరుము రావడం, చాకలి బట్టను బండకు కొట్టిన తరువాత దూరాన ఉన్న మనకు చప్పుడు చేరడం పుట్టినప్పటి నుండి చూసినదే. ఉరుము ముందు, మెరుపు తరువాత రావడం ఎవరూ ఎరుగరు.

ఫోనులో సినిమా చూసేటప్పుడు అనేక యాప్‌లు బొమ్మను కూడ అంతే వెనుకకు నిలిపి ఆలస్యాన్ని సరిపెడతాయి. అందుచేత అంగడిలో ఫోనుతో పరీక్షించి సంతోషించి కొన్న హెడ్‌ఫోను, ఇంట్లో టెలివిజనుకు కలిపినప్పుడు పెదవులకూ మాటలకూ పొంతన లేకుండా చేయవచ్చు. ఆటలు ఆడేవారికీ ఇదే బాధ. దీనికి రెండు మార్గాలున్నవి. ఒకటి, తక్కువ ఆలస్యం కోసమే రూపొందించిన ఆప్ట్‌ఎక్స్ లో లేటెన్సీ వంటి పద్ధతి. అందులో ఆలస్యం సుమారు 40 మిల్లీసెకన్లే గాని, అది రెండు వైపులా ఉండి తీరాలి. రెండవది, బ్లూటూత్‌ను వదలి, టెలివిజను పక్కన పెట్టుకునే సొంత ప్రసార పీఠంతో వచ్చే హెడ్‌ఫోన్లు. సెన్‌హైజర్ సంస్థ 2010 దశకంలో విడుదల చేసిన ఆర్.ఎస్. 175 ఈ తరగతిలోనిది. పీఠాన్ని టెలివిజనుకు తీగతో కలిపితే అక్కడి నుండి శబ్దం గాలిలో హెడ్‌ఫోనుకు చేరుతుంది. పని అయిన పిమ్మట హెడ్‌ఫోనును ఆ పీఠం మీదనే ఆనించి పెడితే చార్జి అవుతుంది. జత కలిపే తతంగం ఏదీ లేదు. ఇంట్లోని వృద్ధులకు మేము మొదట చెప్పేది ఈ తరగతినే.

వృద్ధుల మాట వచ్చింది గనుక మరి రెండు సంగతులు. ఒక చెవి బాగా, రెండవది తక్కువగా వినిపించే వారికి ఎడమ కుడి శబ్దాలను వేరువేరుగా సరిచేసుకునే ఏర్పాటు ఉన్నది చూడాలి. టెలివిజను శబ్దం గది గోడలకు తగిలి ప్రతిధ్వనించి మాట చెదిరిపోతుంది. చెవి దగ్గరనే పలికినప్పుడు అదే మాట తక్కువ శబ్దానికే స్పష్టపడుతుంది. ఇక పోతే, హెడ్‌ఫోను కలపగానే చాలా టెలివిజన్లు తమ స్పీకరును మూసివేస్తాయి. తాతగారు ఒక్కరే వార్తలు వింటూ ఉంటే మిగిలినవారు మూగబొమ్మలు చూడవలసి వస్తుంది. రెండింటినీ ఒకేసారి పలికించే సదుపాయం కొన్నింటిలో ఉన్నది. కొనడానికి ముందే టెలివిజను సెట్టింగులలో వెదకి చూసుకోవాలి. బ్లూటూత్ లేని పాత టెలివిజనుకు వెనుక ఉన్న రంధ్రంలో అమర్చే చిన్న ప్రసార యంత్రాలు విడిగా దొరుకుతాయి.

ఆకారం విషయానికి వస్తే మూడు తరగతులు. చెవి రంధ్రంలో దూరే చిన్న మొగ్గలు ఒక్కొక్కటి 5 గ్రాముల ప్రాంతంలో ఉంటాయి. చెవి మొత్తాన్ని కప్పే పెద్దవి సుమారు 250 గ్రాములు. ఆపిల్ వారి ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ అయితే 385 గ్రాములు. చెవి మీద ఆని ఉండేవి వీటికి నడుమ. ఇంట్లో గంటల తరబడి వినేవారికి కప్పే రకమే సుఖమని అందరూ చెప్పేదే గాని మన ఎండలను వారు లెక్కలోకి తీసుకోరు. ఏప్రిల్, మే మాసాలలో కృత్రిమ తోలు దిండ్లు చెమటతో తడిసి, రెండు మూడు వేసవులకు పొట్టు లేచిపోతాయి. గుడ్డ దిండ్లు కొంత నయం. దిండ్లు విడిగా దొరికే నమూనాయేనా అని అడిగి మరీ తీసుకోవాలి. కళ్ళజోడు పెట్టుకునేవారి విషయంలో దాని కాడ దిండు కింద సందు చేస్తుంది. ఆ సందులో నుండి తబలా డగ్గా గుంభనం కాస్తా జారిపోతుంది. తల మీద ఓణీ గాని స్కార్ఫు గాని ధరించే విద్యార్థినులకు గుడ్డ అడ్డు వచ్చి అదే ఇబ్బంది కలుగుతుంది. వారికి చిన్న మొగ్గలే వీలు. వాటితో వచ్చే మూడు కొలతల రబ్బరు తొడుగులలో సరియైనది ఎంచుకోవడం మీదనే శబ్దం సగం ఆధారపడి ఉన్నది. కుడి చెవికి ఒక కొలత, ఎడమ చెవికి మరొక కొలత అవసరమైనా ఆశ్చర్యపడనక్కరలేదు. ఒకరి చెవిలోనివి మరొకరు పెట్టుకోవడం మాత్రం ఎంత స్నేహమున్నా కూడదు.

కప్పే రకంలో వెనుక భాగం మూసినవీ, తెరచినవీ రెండు తీరులు. తెరచిన దానికి ఆద్యం 1968 నాటి సెన్‌హైజర్ హెచ్.డి. 414. ఈ తీరులో శబ్దం విశాలంగా, గదిలో పాడుతున్నట్లుగా ఉంటుంది, గాలి ఆడుతుంది. కాని లోపలి పాట బయటికీ బయటి మాట లోపలికీ పోతుంది. పక్క మంచం మీద మరొకరు నిద్రించే ఇంట్లో ఇది నిరుపయోగం. మూసిన తీరు అందుకు సరిపోతుంది గాని దానికీ ఒక దోషమున్నది. కుక్కరు ఎన్ని కూతలు వేసినదీ, నల్లా వచ్చినదీ లేనిదీ, తలుపు తట్టినదీ తెలియదు. పసిబిడ్డను కనిపెట్టి ఉండవలసిన తల్లికి, వంట మీద దృష్టి ఉంచవలసిన వారికి మూసిన హెడ్‌ఫోను తగదు. బయటి శబ్దాన్ని మైకు ద్వారా లోపలికి పంపే ఏర్పాటు గలవి గాని, దవడ ఎముక మీద ఆని చెవి రంధ్రాన్ని ఖాళీగా విడిచే రకం గాని వారికి పనికివస్తాయి. రెండవ దానిలో మంద్రస్థాయి పలుచనగా ఉంటుంది. మాటలు వినడానికి చాలు.

రొదను రద్దుచేసే హెడ్‌ఫోన్ల గురించి ప్రకటనలు చాలా చెబుతున్నవి. దీని వెనుక మన దేశంతో సంబంధం గల కథ ఒకటున్నది. అమర్ బోస్ తండ్రి నోనీ గోపాల్ బోస్ బెంగాల్ స్వాతంత్ర్య యోధుడు. బ్రిటిషు ప్రభుత్వ నిర్బంధాన్ని తప్పించుకొని అమెరికా చేరాడు. కుమారుడు మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్యుడై, 1978లో జ్యూరిక్ నుండి విమానంలో వస్తూ ఇంజిను హోరులో సంగీతం వినలేక, అక్కడనే కాగితం తీసి లెక్కలు కట్టాడు. పైలట్ల కోసం ఆ హెడ్‌సెట్ 1989లో మార్కెట్టులోకి వచ్చింది. సూత్రం తేలికయే. బయటి తరంగాన్ని చిన్న మైకు పట్టుకొంటుంది. యంత్రం దానికి సరిగ్గా ఎదురైన తరంగాన్ని పుట్టిస్తుంది. ఒకటి ఎగిసిన చోట రెండవది దిగి, రెండూ చెల్లిపోతాయి. ఈ పని మంద్రమైన, ఏకధాటి శబ్దం మీద చక్కగా సాగుతుంది: ఎయిర్ కూలరు, పంకా, మోటారు వంటివి. పిల్లల ఏడుపు, హారను, పక్కింటి వారి వాదులాట మీద అంతగా సాగదు. వాటిని ఆపేది దిండు మందమే. నిశ్శబ్దమైన ఇంట్లో వినేవారికి ఈ ఖర్చు దండగ. పెద్ద రోడ్డు పక్కన ఉండేవారికి ఖర్చుకు తగిన ఫలితం ఉన్నది. ఎందుకో ఇప్పుడు చెబుతాం. ఈ వ్యాసంలో మాకు అన్నిటికంటె ముఖ్యమైన విషయం అదే.

ఉర్దూలో ఏకాగ్రతతో వినేవానిని 'హమా తన్ గోష్' అంటారు. అనగా శరీరమంతా చెవియైనవాడు. తెలుగులో ఒళ్ళంతా చెవులు చేసుకొని వినడమంటాం. రెండు భాషలూ ఒకదాని నుండి ఒకటి అడగకుండానే ఒకే మాట కనిపెట్టినవి. ఈ మాటలో భౌతిక సత్యం కూడ కొంత ఉన్నది. పెద్ద స్పీకరు ముందు కూర్చున్నప్పుడు ఢోలు దెబ్బ రొమ్ముకు తగులుతుంది. హెడ్‌ఫోనులో ఆ దెబ్బ శరీరానికి లేదు, చెవికి మాత్రమే ఉన్నది. ఆ వెలితిని పూడ్చుకోవడానికి వినేవాడు తెలియకుండానే శబ్దం పెంచుతాడు. చుట్టూ కూలరు హోరు ఉంటే దానిని మించడానికి మరికొంత పెంచుతాడు. అలవాటైన పిమ్మట అది ఎక్కువని తోచదు.

డెసిబెల్ లెక్కలో 3 పెరిగితే శబ్దశక్తి రెట్టింపు అయినట్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 80 డెసిబెల్ల వద్ద 40 గంటల వరకు, పిల్లలకు 75 డెసిబెల్ల వద్ద 40 గంటల వరకు హద్దు విధించింది. ప్రతి 3 డెసిబెల్లకూ ఆ కాలం సగమవుతుంది. 83 వద్ద 20 గంటలు, 86 వద్ద 10, 89 వద్ద 5, 92 వద్ద రెండున్నర, 95 వద్ద గంటంబావు. 101 డెసిబెల్ల వద్ద వారం మొత్తానికి 19 నిమిషాలు కూడ నిండవు. నాలుగు సినిమా పాటలతో ఆ వారపు వాటా తీరిపోయింది. నూరు కోట్లకు పైగా యువజనులు ఇట్టి అలవాట్ల వలన వినికిడి కోల్పోయే ప్రమాదంలో ఉన్నారని ఆ సంస్థ చెబుతున్నది. పిల్లల కోసమని 85 డెసిబెల్ల హద్దుతో అమ్మే హెడ్‌ఫోన్లు కూడ, పై లెక్క చూసినవారికి, నిర్భయంగా గంటల తరబడి వదలదగినవి కావని తెలుస్తుంది.

లోపలి చెవిలో నత్తగుల్ల వంటి నాళం ఉన్నది. అందులో పుట్టుకతో వచ్చిన కేశకణాలు సుమారు 15,000. శబ్దాన్ని నాడీ సంకేతంగా మార్చేవి ఇవే. చనిపోయినవి మనిషిలో మరల పుట్టవు. పక్షులలో మరల పుడతాయని 1980 దశకం చివర శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. కోడిపిల్లకు ఉన్న ఈ అదృష్టం మనకు లేదు. హోరు వలన కలిగే నష్టం సామాన్యంగా 4,000 హెర్ట్జ్ ప్రాంతంలో ముందు కనిపిస్తుంది. మన అచ్చులు దానికి చాలా కిందనే ఉంటాయి గనుక మాట వినబడుతూనే ఉంటుంది, హల్లులు చెదిరిపోతాయి. స, శ, ఫ వంటివి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. సీన్‌కూ షీన్‌కూ భేదం తెలియనివాడు ఉర్దూ ఎట్లా చదువుతాడు? ఎదుటివాడు గొణుగుతున్నాడని అనుకుంటాడే గాని తన చెవి తగ్గిందని అనుకోడు. తరగతిలో ముందు వరుసలో కూర్చొని కూడ "మరొక్కసారి చెప్పండి సార్" అని అడిగేవారి సంఖ్య పెరుగుతూ ఉండడం మేము గమనిస్తున్నాం. కారణం ప్రతివారిలోనూ ఇదేనని అనలేం గాని, విన్న తరువాత చెవిలో గీమని మోత మిగిలితే అది హెచ్చరికగా తీసుకోవలసిందే. రెండు మూడు రోజులకు పోకపోతే చెవి వైద్యునికి చూపించాలి.

ఆచరణలో చేయదగినది కష్టమైనది కాదు. ఫోనులో గరిష్ఠ శబ్దంలో 60 శాతం దాటకుండా ఉంచుకోవాలి. ఆ హద్దును ఫోను సెట్టింగులలో బిగించి పెట్టే వీలు చాలా వాటిలో ఉన్నది. నిశ్శబ్దంగా ఉన్న వేళ హాయిగా ఉండే స్థాయిని గుర్తుంచుకొని, రొద పెరిగినప్పుడు శబ్దం పెంచడానికి బదులు కిటికీ మూయడమో గది మారడమో మంచిది. రొదను రద్దుచేసే హెడ్‌ఫోను ఖర్చుకు తగినదని పైన మేము అన్నది ఇందుకే: అది హోరును దించుతుంది గనుక పాటను పెంచే అవసరం తగ్గుతుంది. చెవిలో మొగ్గలు పెట్టుకొని పాటతో నిద్రపోయే అలవాటు మానదగినది. బ్లూటూత్ తరంగాల వలన మెదడుకు హాని అని కొందరు భయపడతారు. హెడ్‌ఫోన్ల ప్రసార శక్తి సామాన్యంగా రెండున్నర మిల్లీవాట్లకు మించదు. చెవికి ఆనించి మాట్లాడే ఫోను శక్తి దానికి ఎన్నో రెట్లు. భయపడవలసినది శబ్దానికి.

దూరం సంగతి. పెట్టె మీది 10 మీటర్లు ఖాళీ మైదానపు లెక్క. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాన్ని ఇటుక గోడ తగ్గిస్తుంది, నీటితో నిండిన మన శరీరం ఇంకా తగ్గిస్తుంది. వైఫై కూడ అదే పట్టీలో ఉన్నది. మైక్రోవేవ్ పొయ్యి కూడ. ఈ రద్దీలో దెబ్బతినకుండా బ్లూటూత్ 79 సన్నని దారుల మధ్య సెకనుకు 1,600 సార్లు గెంతుతూ ఉంటుంది. ఇటువంటి గెంతుడు విధానానికి 1942లో పేటెంటు పొందిన ఇద్దరిలో ఒకరు హాలీవుడ్ నటి హెడీ లమార్ అంటే మన సినీ అభిమానులు సంతోషిస్తారు. ఇందుచేతనే, కళాశాలలో భాషా ప్రయోగశాల ఆలోచన వచ్చినప్పుడు కమిటీ పెద్దలు తీగ గల హెడ్‌ఫోన్లనే పరిశీలించాలని మనవి. ఒకే గదిలో నలభై తీగ లేని జతలు ఒకే పట్టీలో కిక్కిరిసిపోతాయి. చార్జి చేసేవారు వేరే కావాలి.

ఆన్‌లైన్ పాఠాలు వినే విద్యార్థులకు ఒక వింత అనుభవం ఉంటుంది. పాట బాగా వినిపించిన హెడ్‌ఫోనే, మాట్లాడడానికి మైకు తెరచిన వెంటనే టెలిఫోనులా మొద్దుబారుతుంది. యంత్రం చెడిందని అంగడికి పరుగెత్తనక్కరలేదు. సాధారణ బ్లూటూత్‌లో మైకు పనిచేసేటప్పుడు రెండు వైపులా మాట పోవడానికి వేరే విధానంలోకి మారుతుంది. అందులో శబ్దం నాణ్యత తక్కువ. కంప్యూటరులో మైకును మాత్రం కంప్యూటరుదే ఎంచుకొంటే హెడ్‌ఫోను మరల మామూలు స్థాయికి వస్తుంది.

బ్యాటరీ గురించి అమ్మేవారు గంటలు చెబుతారు, సంవత్సరాలు చెప్పరు. లిథియం బ్యాటరీ 300 నుండి 500 సార్లు పూర్తిగా నిండి ఖాళీ అయ్యేసరికి దాని శక్తి అయిదింట నాలుగు వంతులకు పడుతుంది. చెవి మొగ్గలోని బ్యాటరీ గింజంత. అది ఐదారు గంటలకే అయిపోతుంది గనుక రోజూ నింపవలసి వస్తుంది. రెండు మూడేళ్ళకు గంటన్నర కూడ నిలువదు. పెద్ద హెడ్‌ఫోను 30 గంటలు నడిచేదైతే వారానికి ఒకటి రెండుసార్లే నింపుతారు గనుక ఎన్నో ఏళ్ళు వస్తుంది. మొగ్గలలోని బ్యాటరీని మార్చడం దాదాపు అసాధ్యం. బ్యాటరీ పోతే వస్తువే పోయినట్లు. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుండి ఇటువంటి పరికరాల బ్యాటరీలను వాడుకరియే తీసి మార్చుకోగలగాలి. పైన చెప్పిన ఆర్.ఎస్. 175లో మామూలు అంగళ్ళలో దొరికే చిన్న రీచార్జి బ్యాటరీలు రెండు. పాతబడితే తీసి కొత్తవి వేసుకోవడమే. తీగ పెట్టుకునే రంధ్రం కూడ ఉన్న హెడ్‌ఫోను బ్యాటరీ తగ్గిన నాడు ఆదుకుంటుంది. ఉబ్బిన బ్యాటరీ గలదానిని మాత్రం వెంటనే వాడుక మానాలి.

కొనడానికి పోయేటప్పుడు సొంత ఫోను, అందులో చిరకాలంగా ఎరిగిన ఒక పాట ఉండాలి. అంగడివారు వినిపించే పాట ఢంఢం అని మోగేది, ఏ హెడ్‌ఫోనులోనైనా గొప్పగా ఉండేది. వాద్యాలు తక్కువగా ఉండి గొంతు ముందుండే పాటను మేము ఎంచుకుంటాం: ఘంటసాల పద్యం గాని, మెహదీ హసన్ గజల్ గాని. మనిషి గొంతు ఎట్లా ఉండాలో పుట్టినప్పటి నుండి చెవికి తెలుసు. ముక్కుతో పాడినట్లో, కుండలో నుండి వచ్చినట్లో ఉంటే ఆ హెడ్‌ఫోను వద్దు. పది నిమిషాలు తీయకుండా పెట్టుకొని చూడాలి. నొప్పి మొదటి నిమిషంలో తెలియదు. ఇంటికి తెచ్చిన రోజే టెలివిజనుతో కలిపి, వార్తలు చదివేవారి పెదవులు చూసి, పక్క గదిలోకి నడిచి, అన్నీ పరీక్షించుకోవాలి. వాపసు గడువు సాధారణంగా కొద్ది రోజులే.

త్వరపడనక్కరలేని వారు ఒక కొత్త విధానాన్ని గమనించవచ్చు. 2020లో ప్రకటించిన ఎల్.ఇ. ఆడియో అనే బ్లూటూత్ విధానంలో ఎల్.సి.3 అనే కోడెక్ ఉన్నది, ఎస్.బి.సి. కంటె తక్కువ బిట్లతో మెరుగైన శబ్దం ఇస్తుంది. దానిలో భాగంగా 2022లో ఆరాకాస్ట్ అని పేరు పెట్టిన ప్రసార పద్ధతి వచ్చింది. ఒక టెలివిజను నుండి ఎందరైనా, ఎవరి హెడ్‌ఫోనులో వారు, ఎవరికి కావలసిన శబ్దస్థాయిలో వారు వినవచ్చు. ఆ పద్ధతి తెలిసిన శ్రవణ సహాయక యంత్రం చెవిలో ఉన్న తాతగారు కూడ అదే వరుసలో కూర్చోవచ్చు. టెలివిజనులోనూ హెడ్‌ఫోనులోనూ రెండింటా ఈ పేరు ఉండాలి. అంగడిలో అడిగితే ఇప్పటికి కొన్ని నమూనాలలోనే చూపిస్తారు.